గుడికి రెండు భోగాలు

ఆషాఢ పౌర్ణమి నాడు వరంగల్ భద్రకాళి అమ్మవారు శాకంబరి. నిలువెల్లా కూరగాయలే. దర్శనానికి వచ్చినవాళ్లకు అలంకారం కనపడుతుంది, దాని వెనక పని కనపడదు. కూరగాయల దండ పూలదండ లాంటిది కాదు. మామూలు సూది దిగదు, దబ్బనం కావాలి. పూలదారం బరువుకు తెగుతుంది, పురికొస కావాలి. బెండ, దొండ, పచ్చిమిర్చి, నిమ్మ దండలో నిలుస్తాయి. టమాటను గుచ్చితే రసం కారి పక్క కాయలను కూడా పాడుచేస్తుంది, అందుకే తొడిమె దగ్గర ముడి వేసి వేలాడదీయాలి. సొర, గుమ్మడి దండలోకి రావు, కింద పేర్చాలి. ఆకుకూర రెండు మూడు గంటల్లో వాడిపోతుంది కాబట్టి అన్నిటికన్నా చివర దానికి చోటు. చిన్న గుడిలో ఈ అలంకారం పెట్టుకున్నా పది పదిహేను మంది ఒక పూటంతా కూర్చుంటే తప్ప తెమలదు.

గుడి ఊరిలో భక్తిని పెంచుతుందన్న మాటను ఎవరూ కాదనరు. కానీ ఎలా పెంచుతుంది? గోపురం పెద్దదైతేనా, దేవుడు మహిమగలవాడైతేనా, డబ్బుంటేనా? కొత్త రంగులు వేసుకున్న గుడికి పొద్దున ఎనిమిదింటికే తాళం పడుతుంది. రేకుల కప్పున్న ఆంజనేయుడి ముందు శనివారం రాత్రి ముప్పై గొంతులు లేస్తాయి. ఈ తేడా అర్థం కావాలంటే ఈ నేల మీద పుట్టిన ఒక పాత మాట దగ్గరికి వెళ్లాలి.

కాకతీయుల కాలపు దానశాసనాల్లో "అంగరంగభోగములకు" అన్న మాట పదేపదే వస్తుంది. దేవుడికి రాసిచ్చిన భూమి, చెరువు కింది మడి, దీపానికి నూనె దేనికోసమో చెప్పే మాట అది. అంగభోగం అంటే స్వామి మేనికి జరిగేది: అభిషేకం, గంధం, వస్త్రం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. రంగభోగం అంటే రంగమండపంలో జరిగేది: పాట, వాద్యం, ఆట. దాత ఒక దానికి ఇచ్చి ఇంకోదాన్ని వదిలెయ్యలేదు. రెండూ కలిస్తేనే గుడి.

ఆ లెక్క రాతిలో కూడా ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడికి, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పకు వెళ్లినప్పుడు గర్భగుడి ఎంతుందో, దాని ముందున్న మండపం ఎంతుందో పోల్చి చూడండి. గర్భగుడిలో నలుగురు నిలబడితే ఇరుకు. మండపం నడుమ ఆటపాటలకు గుండ్రని రాతి వేదిక, దాని నాలుగు మూలలా అన్నిటికన్నా బాగా చెక్కిన స్తంభాలు. శిల్పి తన నైపుణ్యమంతా పోసింది జనం కూర్చుని చూసే చోటే. వేయిస్తంభాల గుడి ఎదుట శిథిలమైన కల్యాణమండపాన్ని పురావస్తు శాఖ విప్పదీసి, ఏళ్ల తరబడి రాయి రాయి పేర్చి, 2024 మార్చి 8న శివరాత్రి నాడు మళ్లీ తెరిచింది. గుడికి మండపం తోక కాదు, సగం దేహం.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఆనాటి రంగభోగంలో పాడేవాళ్లు, ఆడేవాళ్లు, వాయించేవాళ్లు గుడి మాన్యం మీద బతికినవాళ్లు. ఊరు చూసేది. ఆ మాన్యాలు పోయాయి, ఆ కళాకారులూ లేరు. ఇవాళ రంగభోగం జరగాలంటే చూసే ఊరే పాడాలి, వండాలి, మొయ్యాలి. సామూహిక భక్తి అని మనం అంటున్నది దీన్నే.

ప్రభుత్వ సాయం కూడా అంగభోగం దగ్గరే ఆగుతుంది. ఆదాయం లేని చిన్న గుళ్ల కోసం ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం పేరే ధూప దీప నైవేద్యం. నెలకు 6,000 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2023లో తెలంగాణ ప్రభుత్వం 10,000 చేసింది. పూజా సామగ్రి, అర్చకుడి గౌరవ వేతనం రెండూ అందులోంచే. ఆ డబ్బుతో దీపం ఆరకుండా ఉంటుంది, అది చిన్న విషయం కాదు. అంతకుముందు వారానికొకసారి తలుపు తీసిన గుళ్లలో నిత్యపూజ నిలబడింది. కానీ దీపం వెలుగుతున్నంత మాత్రాన గుడి నిండదు. రెండో భోగానికి జీవో రాదు. దాని బాధ్యత ఊరిదే.

ఎవరి చేతుల్లో ఏముంది

ఉత్తర తెలంగాణలో ఒక ఊరికి ఒకే గుడి ఉండదు, ఒకే పద్ధతీ ఉండదు. శివాలయంలో పూజ శైవాగమం ప్రకారం, రామాలయంలోనో వేణుగోపాలస్వామి గుడిలోనో వైఖానసం, పాంచరాత్రం అనే వైష్ణవ పద్ధతుల్లో ఏదో ఒకటి. అక్కడ మూలమూర్తిని ముట్టేది అర్చకుడే. భక్తుడి పని మండపం నుంచి మొదలవుతుంది. పోచమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ గుళ్లలో లెక్క వేరు. అక్కడ ఏ ఇంటి ఆడబిడ్డైనా తన బోనం తానే తెచ్చి అమ్మ ముందు దించుతుంది. పూజ చేసే హక్కు ఊరూరికీ మారుతుంది: ఒక చోట కుమ్మరి, ఒక చోట చాకలి, ఇంకో చోట బైండ్ల. మల్లన్న దగ్గర ఒగ్గు అనే చిన్న డమరుకం మోగిస్తూ కథ చెప్పే ఒగ్గు పూజారులు. మేడారంలో విగ్రహమే లేదు, గద్దెలే. కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణ రూపంలో సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి తమ బరువెత్తు బెల్లాన్ని బంగారమని మొక్కు చెల్లించే లక్షల మంది ఆ రాక కోసం ఎదురుచూస్తారు.

అర్చకుడి ప్రమేయం తక్కువగా ఉన్న చోట రెండు భోగాలూ వేరుకావు. దానికి మంచి ఉదాహరణ పట్నం, అంటే మల్లన్న కోసం నేల మీద రంగుపొడులతో వేసే ముగ్గు. ఐనవోలులో, కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర. మొక్కున్న ఇల్లు పట్నం వేయిస్తుంది. అలికిన నేల మీద ఒగ్గు పూజారి తెల్లటి పిండితో గళ్లు గీసి, పసుపు, కుంకుమ, ఎండిన ఆకు పొడి, పొట్టు మాడ్చిన నలుపుతో నింపుకుంటూ పోతాడు. పొడి బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి జారుతుంది. గీత సన్నగా రావాలా మందంగా రావాలా అన్నది వేళ్ల ఒత్తిడి చెబుతుంది. చేతులు ముగ్గు మీద ఉంటే పక్కన ఒగ్గు మోగుతూ ఉంటుంది, మల్లన్న పుట్టుక, బలిజ మేడలమ్మతో, గొల్ల కేతమ్మతో లగ్గం కథగా నడుస్తూ ఉంటుంది. ముగ్గే పూజ, పాటే మంత్రం, విన్నవాళ్లే పెళ్లిపెద్దలు. నేల తడిగా ఉంటే కుంకుమ పాకి పసుపులో కలుస్తుంది. అందుకే అలికాక పూర్తిగా ఆరనివ్వాలి. గాలి ఉన్న చోట నలుపు, ఆకుపచ్చ పొడులు మొదట లేస్తాయి, వాటిని చివర వెయ్యాలి.

జాతరలో అందరి కోసం వేసే పెద్దపట్నాన్ని చివర పూజారులు తొక్కుతారు. అక్కడ పొరపాటు జరిగేది ఆ ఆఖరి నిమిషంలో. పూజారులు తొక్కడం అయిందో లేదో, ఆ పొడి కోసం జనం నాలుగు వైపుల నుంచీ ఒక్కసారిగా కమ్ముకుంటారు. పొడి మీద పాదం జారుతుంది, పడ్డవాడు లేవలేడు. ఊళ్లో చిన్నగా వేసుకున్నా సరే, ఒక వైపు నుంచి రావాలి, ఎదుటి వైపుకు పోవాలి. ముసలివాళ్లకు, పిల్లలకు ముందే పిడికెడు తీసిపెట్టాలి.

బోనం గురించి రెండు మాటలు. బోనం అంటే భోజనమే. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపమండలు కట్టి, లోపల బెల్లం అన్నమో పసుపు అన్నమో పెట్టి, పైన గురిగి అనే చిన్న ముంత, దాని మీద దీపం. మూడంతస్తులు నెత్తి మీద నిలవాలంటే కుండ నిండుగా ఉండొద్దు. పావు కిలో బియ్యం చాలు. దీపంలో నూనె అంచు దాకా పోస్తే నాలుగడుగులకే ఒలికి వేపాకు అంటుకుంటుంది, సగమే పొయ్యాలి. నెత్తి మీద చుట్టకుదురు తడిపి పిండిన గుడ్డదైతే జారదు. హైదరాబాద్‌లో ఆషాఢమైతే, మన దిక్కు చాలా ఊళ్లలో శ్రావణంలో పోచమ్మ బోనాలు. అప్పటికి నాట్లు ఒక కొలిక్కి వచ్చి ఉంటాయి.

గొంతు కలవడం ఎలా

భజన మండలి పెట్టడం తేలిక, ఆర్నెల్లు నడపడం కష్టం. ఆగిపోయిన మండళ్లను అడిగితే "జనం రావట్లేదు" అంటారు. అసలు కారణం చాలాసార్లు శ్రుతి. బాగా పాడే ఒకాయన తన గొంతుకు అనువైన ఎత్తులో ఎత్తుకుంటాడు. వెనక అందుకోవాల్సిన పాతికమందికి అది అందదు, పెదవులు కదిలిస్తారు, మూడో వారం మానేస్తారు. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి సుఖం, ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర. ఇద్దరూ కలిసిన మండలిలో మధ్యలో ఎక్కడో పెట్టుకుంటే ఎవరికీ కుదరదు. రెండు పాటలు వాళ్ల శ్రుతిలో, రెండు వీళ్ల శ్రుతిలో నడపడమే దారి. హార్మోనియం వాయించేవాళ్లు ఈ మార్పుకు ముందే సిద్ధపడి ఉండాలి.

రెండోది తాళం. చిడతలు, తాళాలు పట్టుకున్నవాళ్లలో ఉత్సాహం పెరిగేకొద్దీ లయ పరుగెత్తుతుంది. ఐదు నిమిషాల్లో పాట ముగిసిపోతుంది, మాట అర్థం కాదు. తాళాలు రెండు జతలకు మించొద్దు. మిగతావాళ్లు చప్పట్లు. మూడోది పాటల ఎంపిక. ప్రతి వారం కొత్త పాటలు తెచ్చేవాళ్లు మండలిని తెలియకుండానే బలహీనపరుస్తారు. పదింట్లో ఏడెనిమిది అందరికీ నోటికొచ్చినవే ఉండాలి. గణపతితో మొదలుపెట్టి, రాముడు, కృష్ణుడు, శివుడు, ఆంజనేయుడు, చివర మంగళహారతి: ఈ వరుస మారనప్పుడు ఆలస్యంగా వచ్చినవాడికి కూడా ఎక్కడున్నామో తెలుస్తుంది. గంటన్నర చాలు. మూడు గంటలు పెడితే పొద్దున లేచి పనికి పోయేవాళ్లు రారు, మిగిలేది విశ్రాంత ఉద్యోగులే.

మైకు గురించి గట్టిగానే చెప్పాలి. గోపురం మీద నాలుగు వైపులా బాక్సులు పెట్టి రికార్డు పాటలు వేస్తే ఆ ఊళ్లో పాడేవాళ్లు తగ్గిపోతారు. గుడి పాడుతోంది కదా అని మనిషి నోరు మూసుకుంటాడు. ఒక చిన్న బాక్సు, అది కూడా మండపం లోపలికి తిప్పి, పాడేవాళ్లకు తమ గొంతు వినపడేలా ఉంటే సరిపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పరీక్షలు రాసే పిల్లలు, పురిటి ఇళ్లు, జబ్బుపడ్డ పెద్దలు గుడి పక్కనే ఉంటారన్నది నియమం కంటే ముందు గుర్తుండాల్సిన సంగతి.

ఏకాహం పెట్టుకునే ఊళ్లు లెక్క చూసుకుని దిగాలి. 24 గంటలు నామం తెగకూడదు. రెండు గంటలకో జట్టు చొప్పున 12 జట్లు, జట్టుకు ఆరుగురైనా ఉంటే 72 మంది. ఉన్న ముప్పై మందితోనే లాగుదామనుకుంటే అర్ధరాత్రి దాటేసరికి గొంతులు పోతాయి. వచ్చే జట్టు పది నిమిషాల ముందే కూర్చుని గొంతు కలిపాకే పాత జట్టు లేవాలి. నామం తెగేది ఎప్పుడూ ఈ మార్పిడి దగ్గరే. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు అన్నిటికన్నా బరువైన వేళ. అక్కడ కొత్తవాళ్లను కాదు, గట్టి జట్టును పెట్టాలి. అఖండ దీపానికి కొత్త వత్తి వేసేటప్పుడు పాతది వెలుగుతుండగానే దాని నుంచి అంటించి, ఆ తర్వాత పాతది తియ్యాలి. పాడేవాళ్లకు చెమట పడుతోందని ఎవరో ఫ్యాను తిప్పితే దీపం ఆరుతుంది, కాబట్టి దీపం చోటు మొదట, ఫ్యాను చోటు తర్వాత. సప్తాహమంటే ఇదే ఏడింతలు, 168 గంటలు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల మండళ్లు చేయి కలిపితే తప్ప మొదలుపెట్టొద్దు. బదులుగా వాళ్ల ఊరి సప్తాహానికి మనం పోవాలి. ఊళ్ల మధ్య భక్తి ఇలా బాకీలా తిరుగుతూ ఉంటుంది, తీర్చిన ప్రతిసారీ కొత్త చుట్టరికం పుడుతుంది.

చిరుతల రామాయణం కరీంనగర్, వరంగల్ పల్లెలు కన్న రంగభోగం. చేతిలో చిరుతలు (చిడతలు), కాలికి గజ్జె, ఎండాకాలం రాత్రులు గుడి ముందు నేర్చుకోవడం, పట్టాభిషేకంతో ముగించడం. రాముడి వేషం కట్టిన పిల్లవాడు పగలు ట్రాక్టర్ నడిపేవాడే. నెలల తరబడి పద్యం, దరువు, అడుగు నేర్పే గురువు ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది. దొరికిన ఊరు ఆ మనిషి ఉన్నప్పుడే పాటలన్నీ ఫోన్లో రికార్డు చేసి, నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

ధనుర్మాసం ఇంకో బడి. డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా, రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై ముప్పై. 27వ నాడు ఆ పాశురం పేరుతోనే కూడారై ఉత్సవం, భోగి నాడు గోదా కల్యాణం. పిల్లలకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు: రోజుకు ఎనిమిది పాదాలు, చలిలో వేడి చక్కెరపొంగలి, ముప్పై రోజుల తర్వాత నోట్లో ముప్పై పాశురాలు. చేసే తప్పల్లా మొదటి వారం వచ్చిన పిల్లలను మైకు ముందు నిలబెట్టడం. సిగ్గుపడ్డవాడు మర్నాడు రాడు. పదిహేనో నాటి దాకా అందరూ కలిసే అనాలి.

వండి వడ్డించే చేతులు

ఊరంతా ఒక్కచోట కూర్చునేది పంక్తిలోనే. అన్నదానంలో చెడేది ఎక్కువగా లెక్క, లేకపోతే వేళ. వంద మందికి బియ్యం 12 నుంచి 13 కిలోలు, కందిపప్పు మూడు, కూరగాయలు పది, చారు 20 లీటర్లు, పెరుగు పది లీటర్లు. పులిహోర ఉంటే బియ్యం రెండు కిలోలు తగ్గించొచ్చు. ఐదు వందల మందికి అన్నం ఒకే గంజులో, అంటే ఒకే పెద్ద గిన్నెలో, వండొద్దు. అడుగు మాడుతుంది, నడుమ ముద్దవుతుంది, పైన పలుకు మిగులుతుంది. పది పదిహేను కిలోల చొప్పున విడతలుగా వండాలి. వార్చిన అన్నాన్ని వేడి మీద మూతపెట్టి గంటల తరబడి ఉంచితే లోపల ఆవిరి పట్టి వాసన వస్తుంది, జిగురు సాగుతుంది. ఉతికిన తెల్లగుడ్డ మీద ఆరబోసి, వండిన నాలుగు గంటల్లో వడ్డన ముగించాలి.

పులిహోర ప్రసాదానికి కిలో బియ్యం వండితే వంద గ్రాముల దొప్పలు 25 వస్తాయి. దానికి చింతపండు వంద నుంచి 120 గ్రాములు, నూనె 150 నుంచి 200 మిల్లీలీటర్లు. పులుసు మీద నూనె తేలేదాకా ఉడికించాలి. పచ్చి పులుసు కలిపిందే సాయంత్రానికి పాడయ్యేది. అన్నం వేడిగా ఉండగానే పసుపు, కొంచెం నూనె పట్టిస్తే మెతుకు మెతుకు విడుతుంది, పులుసు మాత్రం ఆరాక కలపాలి. దద్దోజనానికి దీనికి వ్యతిరేకం: అన్నం మెత్తగా ఉడకాలి, గోరువెచ్చగా అయ్యాక పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలపాలి. వేడి మీద పెరుగు వేస్తే విరిగి, పంచేసరికి పుల్లనవుతుంది.

శ్రీరామనవమి పానకానికి కిలో బెల్లానికి ఐదు లీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు, మిరియాల పొడి, శొంఠి, యాలకులు. బెల్లం ముందు కొద్ది నీళ్లలో కరిగించి గుడ్డతో వడగట్టాలి, ఇసుక అడుగున కనపడుతుంది. వడపప్పుకు పెసరపప్పు గంట నుంచి రెండు గంటలే నానాలి, ఆ ఎండల్లో అంతకు మించితే జిగురొస్తుంది. కిలో పప్పు నలభై మందికి సరిపోతుంది.

అన్నదానానికి ఒకరే 50,000 ఇచ్చి క్యాటరింగ్ పెట్టిస్తే భోజనం బాగుంటుంది, కానీ ఆ రోజు గుడిలో ఊరు అతిథి అవుతుంది. తిని పోతుంది. పిడికెడు బియ్యం పద్ధతి ఇందుకే గొప్పది. వంట మొదలుపెట్టే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తుంది. పిడికిట్లో నలభై, యాభై గ్రాములు పడుతుంది, నెలకు కిలోన్నర దాకా. వంద ఇళ్లైతే నెలకు క్వింటాలు దాటుతుంది. నెలాఖరున ఇంటింటికీ తిరిగి తెచ్చేటప్పుడు దొడ్డు బియ్యం, సన్న బియ్యం వేరు సంచుల్లో పొయ్యాలి. కలిపితే ఒకటి ఉడికేసరికి ఇంకోటి చితికిపోతుంది. ఆ అన్నం తినేవాడికి అందులో తన మెతుకుందని తెలుసు. దాత ఇచ్చే 50,000ను గంజులకు, పొయ్యిలకు, నీళ్ల ట్యాంకుకు వాడితే ఆ పుణ్యం కూడా నిలుస్తుంది.

పంక్తి గురించి ఇంకో మాట, దాచకూడనిది. ఊరి గుడి ఊరంతటిదీ అని చెప్పుకుంటూ వాడవాళ్లను వాకిలి బయటే నిలబెట్టిన చరిత్ర మనది. డప్పు లేకుండా అమ్మవారి ఊరేగింపు కదలదు. ఆ డప్పు కొట్టేవాళ్లు పంక్తిలో చివర కూర్చోవాలనడం ఏ ఆగమంలోనూ భక్తి కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణం హిందూ ఆలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే చట్టాలకు దారి ఇచ్చింది. చట్టం తలుపు తీస్తుంది, వడ్డించే గరిటె ఎవరి చేతిలో పెట్టాలన్నది కమిటీ చెయ్యాల్సిన పని. ప్రతి వాడ నుంచి వంటకు, వడ్డనకు, పల్లకీ మొయ్యడానికి పేర్లు రాసుకోవాలి. వేరే గుడి కట్టుకుని వెళ్లిపోయిన వాడలున్న ఊళ్లలో రంగభోగం రెండు ముక్కలైంది. ఆ లోటు ఎంత విరాళంతోనూ పూడదు.

పంటతో పాటు నడిచే పంచాంగం

ఈ ప్రాంతపు ఉత్సవాలు వ్యవసాయం సందుల్లో ఒదిగి ఉంటాయి. వానకాలం వడ్లు ఇంటికి చేరే రోజుల్లో కార్తీక దీపాలు, ఆ తర్వాత సంక్రాంతి జాతరలు, కొత్తకొండ వీరభద్రుడికి మొక్కుగా ఇచ్చే కోరమీసాలు, గుమ్మడికాయలు. చేతిలో నాలుగు రూపాయలు, ఒక రెండు రోజుల తీరిక ఉన్నప్పుడే మొక్కు తీరుతుంది. ఈ సంగతి పట్టించుకోకుండా నాట్ల నడుమ విగ్రహ ప్రతిష్ఠ పెట్టుకుని, జనం రాలేదని బాధపడే కమిటీలున్నాయి. ముహూర్తాలు రెండు మూడు రాయించుకుని ఊరితో మాట్లాడి ఒకటి ఎంచుకోవాలి.

బతుకమ్మలో గుడి చెయ్యాల్సింది చోటు ఇవ్వడమే. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ఆవరణ, సద్దుల నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట చూస్తే తెలుస్తుంది: పురోహితుడు లేడు, మంత్రం లేదు, వేల మంది ఆడవాళ్ల చప్పట్లు, పాట. గుడి కమిటీ నేల చదును చేయించి, వెలుతురు పెట్టి, నీటి అంచున తాడు కట్టించి, డీజే రాకుండా చూస్తే చాలు. డీజే వచ్చిన చోట బతుకమ్మ పాట రెండేళ్లలో మాయమవుతుంది. వలయం తిరగాలంటే పాట నెమ్మదిగా ఉండాలి, డీజే వేగానికి ఆ అడుగు పడదు.

లెక్కలు

1987 నాటి దేవాదాయ చట్టం ఆలయాలను ఆదాయం బట్టి మూడుగా విడదీస్తుంది: ఏడాదికి 25 లక్షలు దాటితే 6(ఎ), రెండు నుంచి 25 లక్షల మధ్య 6(బి), రెండు లక్షల లోపు 6(సి). పల్లెల్లో గుళ్లు ఎక్కువగా మూడో వర్గంలో ఉంటాయి, లేదా ఏ లెక్కలోకీ రాకుండా ఊరి కమిటీల చేతుల్లో ఉంటాయి. అలాంటి గుళ్లు విడిపోయేది సిద్ధాంతం మీద కాదు, చిట్టా మీద. నవమికి ఒక కమిటీ, గణపతికి ఒకటి, బోనాలకు ఒకటి, ఎవరి పుస్తకం వారిది. ఒకే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం, ఉత్సవం ముగిసిన వారంలోపు మండపంలో లెక్క చదివి, ఆ కాగితం గోడకు అతికించడం: ఇవి మూడూ జరిగిన ఊళ్లో మరుసటి ఏడు చందా అడక్కుండానే వస్తుంది. చదవడం ముఖ్యం. గోడ మీద కాగితం అందరూ చదవలేరు, చదివింది అందరూ వింటారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

హనుమకొండ చుట్టూ పెరిగిన కాలనీల్లో నాలుగు జిల్లాల మనుషులు ఒకే వీధిలో ఉంటారు. గుడి కట్టేశారు, అర్చకుడు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వస్తాడు, ఆయనకు ఇంకో రెండు గుళ్లు కూడా చూసుకునే పని ఉంటుంది. అక్కడ రంగభోగం మొదలవ్వాలంటే పెద్ద కల్యాణంతో మొదలుపెట్టొద్దు. వారంలో ఒక రోజు, ఒకే వేళ, గంటసేపు భజన. ఆరుగురు వచ్చినా మానొద్దు, అరవై మంది వచ్చినా వేళ పెంచొద్దు. పాటలు పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి ఇరవై ప్రతులు గుడిలోనే ఉంచాలి, ఇంటికి పట్టుకెళ్తే తిరిగి రావు. ఒక్కో ఊరి నుంచి వచ్చినవాళ్లు తమ ఊరి పాట ఒకటి నేర్పాలి. ప్రసాదం వంతు ఒక్కో వారం ఒక్కో ఇంటిది. శనగలైనా అటుకులైనా సరే, పోటీ పడకుండా మూడు రకాలకు పరిమితం చేసుకోవాలి. లేకపోతే ఆరో ఇంటికి వచ్చేసరికి అది భారమై వంతు ఆగుతుంది.

ఇంకొకటి, తాళంచెవి. అర్చకుడు రావడం ఆలస్యమైతే భజనకు వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోతారు, రెండుసార్లు అలా జరిగితే మూడో వారం ఎవరూ ఉండరు. గర్భగుడికి ఒక తాళం, మండపం గ్రిల్లుకు ఒక తాళం వేరుగా పెట్టించాలి. గర్భగుడి చెవి అర్చకుడి దగ్గర. మండపం చెవి గుడికి ఎదురింట్లో, తలుపు తట్టి అడిగితే ఇచ్చేవాళ్ల దగ్గర.